ఏసీలో గ్యాసు అయిపోయిందన్నారా?

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు పెద్దలు. రోళ్ల సంగతెలా ఉన్నా ఆ రోజుల్లో ఏసీ మెకానిక్కులకు మాత్రం అన్నం తినే తీరిక ఉండదు. ఫోను చేయగా చేయగా వస్తాడు, బయటి యూనిట్ దగ్గర ఓ నిమిషం నిలబడతాడు, "గ్యాసు అయిపోయిందమ్మా, నింపాలి" అంటాడు. మనం బీరువా తీసి డబ్బు లెక్కపెట్టి ఇస్తాం. మళ్లీ వేసవికి అదే మాట, అదే ఖర్చు. మీ ఇంట్లోనూ ఇదే తంతు అయితే ఈసారి బీరువా తీసేముందు కాస్త ఆగండి.

ఏసీలో గ్యాసు మన పొయ్యిలో గ్యాసులాగా మండి ఖర్చయ్యేది కాదు. బావిలో చేద ఉంటుంది చూడండి, అలాంటిదన్నమాట. గదిలో వేడిని తోడుకుని గొట్టాల వెంట బయటికి మోసుకెళ్లి, అక్కడ పారబోసి మళ్లీ లోపలికి వస్తుంది. నీళ్లు తోడితే చేద అరిగిపోదు కదా! గ్యాసు తగ్గిందంటే ఎక్కడో కారుతోందనే అర్థం. రాగి గొట్టాలు కలిపే నట్ల దగ్గర ఎక్కువగా ఈ జబ్బు వస్తుంది. సబ్బు నురుగు రాస్తే బుడగలు లేస్తాయి, సిలిండర్ రెగ్యులేటర్ దగ్గర మనం చూసుకున్నట్టే. ఆ కారే చోటు బాగుచేయకుండా గ్యాసు నింపడమంటే చిల్లుకుండలో నీళ్లు పోయడమే.

సరే, కారిన గ్యాసు ఎక్కడికి పోతోంది? మీ ఏసీ పదిపన్నెండేళ్ల కిందటిదైతే అందులో ఉన్నది బహుశా ఆర్-22. ఎండలోని చెడ్డ కిరణాలు మన మీద పడకుండా ఆకాశంలో గొడుగులా ఉండే ఓజోన్ పొరను ఇది తినేస్తుంది. 1985లో దక్షిణ ధ్రువం మీద ఆ పొర బాగా పలచబడిపోయిందని శాస్త్రజ్ఞులు ప్రకటించాక, 1987లో దేశాలు మాంట్రియల్‌లో ఒప్పందానికి వచ్చాయి. మన దేశం 1992లో చేరింది. మన దగ్గర ఆర్-22తో కొత్త ఏసీలు తయారుచేయడం 2024 చివరితో ఆగిపోయింది. పాత మెషీన్ల రిపేర్లకు మాత్రం ఇంకా కొన్నాళ్లు దొరుకుతుంది.

ఆర్-22 బదులు ముందు ఆర్-410ఎ అనే గ్యాసు తెచ్చారు. ఓజోన్‌కు హాని లేదు. కానీ గాలిలో కలిస్తే భూమిని వేడెక్కించడంలో ఆర్-22నే మించిపోయింది. పంటినొప్పికి మందు వేస్తే కడుపునొప్పి వచ్చినట్టయింది!

ఈ వేడి లెక్క నేను మన వంటింటి లెక్కలోకి మార్చి చూశాను. ఒక 14.2 కిలోల సిలిండర్ మొత్తం మండితే సుమారు 42 కిలోల బొగ్గుపులుసు వాయువు వస్తుంది. ఒక కిలో ఆర్-22 గాలిలోకి పోతే, నూరేళ్ల లెక్కన, 1,760 కిలోల బొగ్గుపులుసు వాయువుతో సమానమట. అంటే నలభై సిలిండర్ల పైమాటే. నలభై రోజులకో సిలిండర్ వాడే ఇంట్లో నాలుగేళ్లకు పైగా వంట! మెకానిక్ నట్టు విప్పి "బుస్సు"మని వదిలేసేది అదే మరి.

ఇప్పుడు కొత్త ఏసీల్లో ఎక్కువగా ఆర్-32 వస్తోంది. దీనికి కిలోకి సుమారు 675. ఆర్-290 అని ఇంకొకటుంది, దానికి మూడుకు మించదు. ఇదెవరో కాదు, మన సిలిండర్‌లో ఉండే ప్రొపేనే. మన దేశంలో గోద్రెజ్ వాళ్లు 2012 నుంచే దీనితో ఏసీలు అమ్ముతున్నారు.

"అమ్మో, పడగ్గదిలో గ్యాసు ఏసీయా?" అంటారేమో. ఇప్పటి ఫ్రిజ్‌లలో చాలావాటిలో ఉన్న ఆర్-600ఎ కూడా వంటగ్యాసు జాతిదే సుమా! వంటింట్లో పద్నాలుగు కిలోల సిలిండర్ పక్కన నిలబడి పులుసు కాస్తున్నాం, ఈ ఏసీలో ఉండేది కొన్ని వందల గ్రాములు. గది ఎంతుంటే ఎంత గ్యాసు ఉండవచ్చో దానికీ పరిమితి ఉంది. అసలు జాగ్రత్త రిపేరు వేళ కావాలి. ఆర్-32 కూడా కొద్దిగా మండే గుణమున్నదే. కిటికీలు తెరిచి, మెయిన్ ఆపి, అగ్గిపుల్ల, బీడీ దగ్గరికి రానివ్వకుండా పని చేయించాలి. ఆ కుర్రాడు కూడా ఒక తల్లి బిడ్డే కదండీ.

నన్ను భయపెట్టేది ఇంకొకటి. మా పక్కింటి వదినగారి పాత ఏసీకి వచ్చిన మెకానిక్ "ఆర్-22 రేటు పెరిగిందమ్మా, వేరేది తక్కువలో నింపేస్తా" అన్నాడు. ఆవిడ గోడ మీంచి నన్ను పిలిచి అడిగారు. "వద్దు వదినా, ముందు పంపించెయ్యండి" అన్నాను. ఆర్-32 ఒత్తిడి చాలా ఎక్కువ, పాత మెషీన్ దానికోసం చేసింది కాదు. ప్రొపేన్ నింపితే చల్లగానే వస్తుంది గానీ, మండే గ్యాసుకు తగ్గట్టు కట్టని మెషీన్‌లో ఒక్క నిప్పురవ్వ చాలు.

అలాగని పనిచేస్తున్న పాత ఏసీని పారేయమని నేననను. కారడం లేదంటే వాడుకోండి. 24 డిగ్రీల దగ్గర పెట్టి ఫ్యాను తిప్పండి. డిగ్రీ పెంచితే ఆరు శాతం దాకా కరెంటు మిగులుతుందని సర్కారువారి మాట. కంప్రెసర్ పోయినప్పుడు కొత్తది ఆలోచించండి. అప్పుడు పాతదాన్ని పాతసామాన్ల వాడికి ఇవ్వకండి. వాడు గొట్టం కోసి రాగి తీసుకుంటాడు, గ్యాసంతా గాల్లోకే. సిలిండర్‌లోకి గ్యాసు దింపించి, ఎలక్ట్రానిక్ చెత్త తీసుకునే వాళ్లకే అప్పగించండి.

బయటి యూనిట్ పక్కన ఒక చీటీ అంటించి ఉంటుంది. గ్యాసు పేరు, ఎన్ని గ్రాములు అన్నీ అందులోనే. ఎండకు అక్షరాలు మాసిపోకముందే క్యాలెండర్ వెనక రాసిపెట్టుకోండి. మెకానిక్ వచ్చినప్పుడు ముందు లీకు చూడమనండి, బాగుచేశాక వాక్యూమ్ పంపు పెట్టి గొట్టాల్లో గాలి లాగమనండి, ఆపైన ఆ గ్రాముల ప్రకారం తూచి నింపమనండి. తూకం తేకుండా వచ్చినవాణ్ని మా పక్కింటి వదినగారు ఇప్పుడు గేటు కూడా దాటనివ్వడం లేదు.