అక్షర పరిచయము – ముఖ పరిచయము

తొమ్మిదేండ్లుగా ఉత్తరముల ద్వారా మాత్రమే ఎరిగిన ఒక మిత్రురాలిని చూచుటకై మేము దంపతులము కోరుట్లకు పోయితిమి. కరీంనగరము నుండి జగిత్యాల మీదుగా బస్సు ప్రయాణము. దారికి ఇరుప్రక్కల పసుపు చేలు ఏపుగా నిలిచియుండెను. ఆమె ఎట్లుండునో అను ఒక్క ఆలోచనయే దారి పొడుగునను మమ్ము వెన్నాడినది. ఉత్తరములలోని లిపి ముత్యములు పేర్చినట్లుండును. భాష ప్రౌఢము. పంతులమ్మగా పనిచేసి విశ్రాంతి గైకొన్న పెద్దావిడ కావలెనని మా నిశ్చయము. అందుచేత ఒక చీరతోపాటు రెండు పుస్తకములు కూడ సంచిలో పెట్టుకొంటిమి.

ఈ పరిచయమునకు మూలము రేడియో. బతుకమ్మ పండుగనాడు ప్రసారమైన ఒక పాటను గూర్చి శ్రోతల ఉత్తరములలో ఒకటి చదివిరి. ఆ పాటకు మా వైపు ఇంకను రెండు చరణములు గలవనియు, వానిని విడిచినచో పాపము ఆడబిడ్డ పుట్టింటికి చేరకయే పాట ముగియుననియు ఆ లేఖలోని ఫిర్యాదు. మాకు నవ్వు వచ్చినది. రేడియోలో వినిపించిన పేరును, ఊరిని మాత్రమే వ్రాసి ఒక కార్డు పంపితిమి. అది చేరినది! తపాలావారికి నమస్కారము. అటుపిమ్మట జాబులు ఆగలేదు.

చూడవత్తుమని మేము రెండుమార్లు వ్రాయగా, రెండుమార్లును మృదువైన నిరాకరణమే వచ్చినది. ఒకసారి వానలు, ఒకసారి ఎండలు. మూడవసారి చెప్పకయే బయలుదేరితిమి. ఇది మర్యాద కాదని ఒప్పుకొనుచున్నాము.

ఇల్లు చూపినవారు మమ్ము ఒక పెంకుటింటి అరుగు కడకు తీసికొనిపోయిరి. అక్కడ ఒక వృద్ధురాలు ఒడిలో చాట పెట్టుకొని బీడీలు చుట్టుచుండెను. ప్రక్కన రేడియో. తునికాకును కత్తిరించుట, తంబాకు పోయుట, చుట్టుట, దారము కట్టుట – ఆ వ్రేళ్ళు ఒక్క క్షణము ఆగలేదు. మేము పేరు చెప్పగానే మాత్రము ఆగినవి.

“మీరేనా బిడ్డా! రాండ్రి, కూసోండ్రి. నాకు సదువు రాదు. పక్కింటి పిలగాడు రాస్తడు, నేను చెప్త.”

ప్రక్కింటి ‘పిలగాడు’ ఇప్పుడు బడిపంతులు. ఎనిమిదవ తరగతినాటి నుండి ఆమె చెప్పగా వ్రాయుచున్నాడు. అతడు తలవంచుకొని నిలిచెను. మమ్ము రావలదని వ్రాసినది తానేయని, అవ్వకు ఆ సంగతి తెలియదని ఒప్పుకొనెను. ఉత్తరములోని మనిషి లేడని తెలిసినచో మేము జాబులు మానుదుమని అతని భయము. అవ్వ ‘వాన దంచి కొట్టింది’ అనును. అతడు ‘వర్షము ధారాపాతముగా కురిసినది’ అని వ్రాయును. రేడియోలో చదువబడు భాష అట్లుండవలెనని అతని నమ్మకము. హాస్యము ఆమెది, సమాసము అతనిది. మేము స్నేహము చేసినది ఎవరితో? ఈ ప్రశ్న ఆ సాయంత్రము మమ్ము నిజముగనే బాధించినది.

ఆలోచింపగా ఇందు వింత లేదు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతముల నుండి ఎందరో పురుషులు బొంబాయికి, భివండి మగ్గములకు, తరువాతి కాలమున గల్ఫు దేశములకు పనికై పోయిరి. ఇంట మిగిలిన స్త్రీల మాటలను కాగితముపై పెట్టినవారు బడిపంతుళ్ళు, తపాలా బంట్రోతులు, చదువుకొన్న పొరుగు పిల్లలు. ఉత్తరమనగా ఒకరు చెప్పగా, ఒకరు వ్రాయగా, మరియొకరు చదువగా వినునది. రహస్యమను మాటకు అందు చోటు స్వల్పము.

వ్రాత ద్వారా మాత్రమే పరస్పరము ఎరిగినవారి సమూహము ఈ నేలకు క్రొత్తది కాదు. నిజాం రాష్ట్రమున తెలుగు కవులు లేరను మాటకు సమాధానముగా సురవరము ప్రతాపరెడ్డిగారు 1934లో గోలకొండ కవుల సంచికను వెలువరించిరి. తమ పత్రిక ద్వారా పిలుపునిచ్చి, పద్యములను జీవిత విశేషములను తెప్పించుకొని, 354 మంది కవులను ఒక్కచోట చేర్చిరి. వీరిలో ఒకరి ముఖమొకరు ఎరుగనివారు ఎందరో! మరుసటి యేడు, 1935లో, నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభ నాలుగవ సమావేశము మాడపాటి హనుమంతరావుగారి అధ్యక్షతన సిరిసిల్లలో జరిగినది. సిరిసిల్లకు రైలు లేదు. అయినను జనులు చేరిరి. పత్రికలో పేరు మాత్రమే చూచిన మనిషిని ఆ పందిరిలో ‘మీరేనా?’ అని అడిగినవారు కొందరైన ఉందురని ఊహించుట తప్పు కాదనుకొందుము.

రేడియోకు సంబంధించిన ఉదాహరణము మరియొకటి గలదు. ‘హామ్’ లని పిలువబడు ఔత్సాహిక రేడియోవారు తమ సంకేతనామములతో ఆకాశమున మాటలాడుకొని, అందుకు గుర్తుగా తపాలాలో కార్డులు పంపుకొందురు. వీరికోసము హైదరాబాదులో 1983లో ఒక జాతీయ సంస్థయే ఏర్పడినది. గొంతు మాత్రమే తెలిసిన మిత్రుని ఎదుట పడినప్పుడు వీరికిని మా తికమకయే కలుగునేమో.

ఆ తికమకకు కారణము సులభము. జాబు వ్రాయువానికి కాలము చేతిలో నుండును. మాటను కొట్టివేయవచ్చును, మార్చవచ్చును. ఎదుటపడినప్పుడు మాటకు ముందు ముఖము వచ్చును, మౌనము వచ్చును. మేమును మొదటి అరగంట టీ గ్లాసులను చూచుచు కూర్చుంటిమి. అవ్వయే ఉపాయము కనిపెట్టెను. తడిపిన ఆకుకట్ట ఒకటి మా ముందుంచి, ఈనెలు తీయుమనెను. చేతులకు పని దొరకగానే నోళ్ళు తెరచుకొన్నవి. మా ఆకులు చాలవరకు చినిగినవి, అవ్వ నవ్వెను. ఆ నవ్వును మేము తొమ్మిదేండ్లుగా ఎరుగుదుము.

చీకటిపడువరకు బతుకమ్మ పాట సాగినది. విడిచిన ఆ రెండు చరణములును విన్నాము. పుస్తకములు తెచ్చినందుకు మేము సిగ్గుపడగా, “మీరేం ఫికరు జేయకుండ్రి, పిలగాడు సదువుతడు, నేను ఇంట” అని అవ్వ వానిని రేడియో ప్రక్కన పెట్టించెను.

పదునైదు దినములకు జాబు వచ్చినది. లిపి అదే. భాష మాత్రము మారినది. “బిడ్డా, మీరు పోయినంక ఇక్కడ వాన దంచి కొట్టింది” అని ఆరంభము. అన్నిటికంటె క్రింద, ‘వ్రాసినవాడు’ అని పెట్టి, ఆ పంతులు తన పేరు మొదటిసారిగా చేర్చెను.