ఆరోగ్య సభలో అవ్వ అడిగిన ప్రశ్న



మొన్న ఆదివారం ఆరాధన ముగిశాక ఒక సంఘపెద్దగారు నన్ను ఆపి, "సిస్టరమ్మా, ఊరూరా ఆరోగ్య సభలు పెడుతున్నారు గదా, వాటివల్ల ఏమైనా ఉపయోగం ఉందా? జనం వస్తారు, వింటారు, టీ తాగి వెళ్ళిపోతారు" అన్నారు. న్యాయమైన మాటే. జవాబుగా వాడరేవులో జరిగిన ఒక సంగతి చెబుతాను.

వాడరేవు చీరాలకు దగ్గరలోని మత్స్యకారుల ఊరని మీకందరికీ తెలుసు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు వేట నిషేధం. ఆ రెండు నెలలు మగవారు ఒడ్డునే ఉండి వలలు, పడవలు బాగుచేసుకుంటారు. అందుకని సభలు ఆ రోజుల్లో పెట్టుకున్నాం. ఆ సాయంకాలం నా అంశం "మంచినీరు – మన ఆరోగ్యం". టైఫాయిడ్, కామెర్లు, విరేచనాలు ఎలా వస్తాయో చార్టులు చూపించి ముప్పావు గంట మాట్లాడాను. నీళ్ళు కాచి చల్లార్చి తాగమన్నాను. అందరూ తలలూపారు. "సందేహాలుంటే అడగండి" అంటే ఒక్కరూ నోరు తెరవలేదు. ప్రార్థనతో ముగించాం.

చార్టులు చుడుతుంటే ఒక అవ్వ నెమ్మదిగా నా దగ్గరకు వచ్చింది. "అమ్మా, నీళ్ళు కాసుకుంటాం. కానీ మా మనవడు వేటకు పట్టుకెళ్ళే డబ్బాలో వాసన పోవడంలేదు. కాచిన నీళ్ళు దాంట్లో పోస్తే మంచిదేనా?" అని అడిగింది. "డబ్బా తెస్తావా అవ్వా?" అన్నాను. తెచ్చింది. తెల్లని ప్లాస్టిక్ డబ్బా, గట్టి మూత. పైనున్న కాగితం గీకేశారు గానీ ఒక మూల అంటుకుని ఉంది. ఆ మూలన ఎర్ర త్రికోణం గుర్తు సగం కనబడుతోంది. నా గుండె ఝల్లుమంది.

డబ్బా ఎక్కడిది?

ప్రత్తి, మిరప చేలలో పురుగుమందు కొట్టాక ఖాళీ డబ్బాలు గట్టున మిగులుతాయి. పాత సామాను కొనేవారు వాటిని ఏరి, కడిగి చవకగా అమ్ముతారు. గట్టి డబ్బా, మూత బిగుతు, పడవలో దొర్లినా కారదు. కొన్నవారి తప్పేమీ లేదు. ఎర్ర త్రికోణం అంటే అత్యంత విషపూరితమని వారికి ఎవరు చెప్పారు? ఆ తర్వాత వరుసగా పసుపు, నీలం, ఆకుపచ్చ. ఆకుపచ్చకు విషం తక్కువేగాని అసలు లేదని కాదు.

నా తప్పు కూడా ఒప్పుకోవాలి. మందు కొడుతూ పడిపోయిన కూలీలకు ఎన్నో ఏళ్ళు వార్డులో సేవ చేశాను. "ఏ మందు?" అని ప్రతిసారీ అడిగాను. "ఆ డబ్బా తర్వాత ఎక్కడికి వెళ్తుంది?" అని ఒక్కసారీ అడగలేదు.

కాచితే పోతుందా?

పోదు. కాచితే చచ్చేది క్రిమి, రసాయనం కాదు. పైగా మందు ప్లాస్టిక్ గోడల్లోకి ఇంకుతుంది. సబ్బుతో ఎన్నిసార్లు కడిగినా పూర్తిగా వదలదు. మన చేలలో వాడే మందులు చాలావరకు నరాల మీద పనిచేస్తాయి. నరం కండరానికి కబురు పంపాక ఆ కబురును ఆపే పదార్థం ఒకటి శరీరంలో ఉంది. కొన్ని మందులు దాన్ని పనిచేయనివ్వవు. కుళాయి మర పోయి నీరు ఆగకుండా కారినట్టే చెమట, చొంగ, కన్నీరు కారుతాయి. కంటిపాపలు చిన్నవవుతాయి, కండరాలు అదురుతాయి, చివరకు ఊపిరి అందదు.

2013 జూలైలో బీహారులోని సారణ్ జిల్లాలో బడి మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంట నూనెలో మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు కలిసిందని పరీక్షల్లో తేలింది. నూనెను పురుగుమందు డబ్బాలో ఉంచారని అధికారులు చెప్పారు. మన అవ్వ అడిగింది అలాంటి డబ్బా గురించే.

ప్రశ్న కోసం కూర్చోవాలి

ఆ రాత్రి నాకు ఒక సంగతి బోధపడింది. ముప్పావు గంట నేను చెప్పినదానికంటే ఆమె అడిగిన ఒక్క ప్రశ్న ఎక్కువ పని చేసింది. ఇది కొత్త విషయం కాదు. 1990 తర్వాత నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం జరిగింది. 1988లో పుట్టిన జన విజ్ఞాన వేదిక వంటి సంస్థల కార్యకర్తలు అందులో పనిచేశారు. సాయంకాలపు బడిలో స్త్రీలు అక్షరాలతో పాటు, సారా వల్ల పాడైన సంసారం గురించి పాఠం చదివి, తమ ఇళ్ళ గురించి మాట్లాడుకున్నారు. దూబగుంట స్త్రీలు సారా కొట్టు మూయించారు. ఉద్యమం రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు 1 నుండి ప్రభుత్వం సారాను నిషేధించింది. పాఠం చెప్పినవారు తలుపు తెరిచారు, నడిచింది స్త్రీలే. ప్రభువు కూడా బోధ మధ్య ప్రశ్నలు అడిగేవారు, అడగనిచ్చేవారు గదా!

తర్వాతి సభలో చార్టులు పక్కనబెట్టి, "మీ ఇంట్లో ఏ డబ్బాలో ఏమి పోస్తారు?" అని ముందు నేనే అడిగాను. ఒకరు కిరసనాయిలు అన్నారు, ఒకరు ఉప్పు అన్నారు, ఒకామె పసిపిల్లల పాలు అంది. ఇళ్ళకు వెళ్ళి తెచ్చిన డబ్బాలతో గోనెసంచి నిండింది. "ఇవి తీసేసుకుంటే రేపు వేటకు నీళ్ళు దేనిలో పోసుకోవాలి?" అని ఒక తమ్ముడు అడిగాడు. దానికి చార్టులో జవాబు లేదు. మన స్త్రీల సమాజంవారు చందా వేసి కొత్త నీళ్ళ క్యాన్లు కొనిచ్చారు. సభ ఫలితం అంటే అదే అనుకుంటాను.

గుర్తుంచుకోండి

1. పురుగుమందు డబ్బాలో నీరు, నూనె, పాలు, ఉప్పు ఏవీ పోయవద్దు. వాసన లేకపోయినా పోయవద్దు.

2. మందు కలిపేటప్పుడే ఖాళీ డబ్బాను మూడుసార్లు కడిగి, ఆ నీటిని స్ప్రేయరులోనే పోయండి. తర్వాత డబ్బాకు చిల్లులు పొడిచి, చెరువులకు, బావులకు, ఇళ్ళకు దూరంగా పూడ్చండి. కాల్చవద్దు.

3. మందు ఒంటిమీద పడితే బట్టలు విప్పి సబ్బుతో బాగా కడగాలి. సాయం చేసేవారు తమ చేతులకు అంటకుండా చూసుకోవాలి.

4. మందు లోపలికి పోతే ఉప్పునీళ్ళు, చింతపండు రసం పట్టించి వాంతి చేయించవద్దు. మనిషిని ఎడమ పక్కకు పడుకోబెట్టి, 108కి ఫోను చేయండి. డబ్బా గాని, దాని మీది కాగితం గాని ఆసుపత్రికి తెండి. ఏ మందో తెలిస్తే డాక్టరుగారు సరైన విరుగుడు త్వరగా ఇవ్వగలరు.

సంఘపెద్దగారికి నా జవాబు ఇదే. ఈసారి సభకు మీరూ రండి. టీ తాగండి, కానీ ఒక ప్రశ్న అడిగి వెళ్ళండి. సిగ్గుపడవద్దు. అవ్వ అడగకపోతే ఆ డబ్బా ఇంకా సముద్రం మీదికి వెళ్తూనే ఉండేది.

ప్రభువు మీ ఇంటిని, మీ ఇంటి నీటిని దీవించును గాక.

– నర్సింగ్ సూపరింటెండెంట్