గుర్రం గుడ్డిదైనా దాణాలో తక్కువ లేదు

కిందటి ఎపిసోడ్ చూశాక చాలామంది అడిగిన ప్రశ్న ఒకటే అండి. "అన్నా, గుర్రం ఎంతకొస్తుంది?" రోజుకి ఎంత తింటుంది అని మాత్రం ఒక్కరూ అడగలేదు. నిజానికి ముందు అడగాల్సింది అదే. ఎందుకో ఈరోజు లెక్కతో సహా చెప్తాను.

"గుర్రం గుడ్డిదైనా దాణాలో తక్కువ లేదు" అని మన పెద్దవాళ్లు ఊరికే అనలేదు. మీరు ఎక్కినా ఎక్కకపోయినా దానికి మేత రోజూ కావాలి. బైక్ అయితే వాడనప్పుడు కవర్ కప్పి పక్కన పెట్టేస్తాం. గుర్రానికి అలా కుదరదు కదా. పైగా బాగా చూసుకుంటే పాతికేళ్లు, కొన్నయితే ముప్పై ఏళ్లు కూడా బతుకుతాయి.

ముందు దాని పొట్ట సంగతి తెలుసుకుందాం. ఆవుల్ని మేపిన అనుభవం ఉన్నవాళ్లే ఇక్కడ ఎక్కువగా పొరబడతారు. ఆవు గబగబా మేసేసి, తర్వాత తీరిగ్గా నెమరేస్తుంది. దాని పొట్టలో మొదటి గదే వంద లీటర్లకు పైగా పడుతుంది. గుర్రం నెమరేయదు. దాని జీర్ణాశయం 8 నుంచి 15 లీటర్లే, ఆ ఒంటికి అది చాలా చిన్నది. అందుకే బయట వదిలితే రోజులో చాలాసేపు కొంచెం కొంచెంగా మేస్తూనే ఉంటుంది. ఇంకో ముఖ్యమైన విషయం, గుర్రం వాంతి చేసుకోలేదు. ఎక్కువ తిన్నా, పాడైంది తిన్నా వెనక్కి రాదు.

ఇది నేను నష్టపోయి నేర్చుకున్నానండి. మా మొదటి గుర్రం ఒకరోజు బాగా అలిసిపోయి వచ్చింది. పాపం ఆకలి మీద ఉంది కదా అని బకెట్ నిండా ఉలవలు పెట్టాను. అర్ధరాత్రికి కాలితో నేల గీరడం, మాటిమాటికీ తల తిప్పి డొక్క వైపు చూసుకోవడం, పడుకుని పొర్లడం మొదలుపెట్టింది. అదే కడుపునొప్పి, కోలిక్ అంటారు. ఆ లక్షణాలు నాకప్పుడు తెలియవు. తెల్లారాక డాక్టర్ని పిలిచాను. అప్పటికే ఆలస్యమైపోయింది. మీరు ఆ తప్పు చేయకండి. ఈ గుర్తులు కనిపిస్తే మేత ఆపేసి, ఆ క్షణమే పశువుల డాక్టర్‌కి ఫోన్ చేయండి.

ఇప్పుడు లెక్కకొద్దాం. 400 కిలోల గుర్రం అనుకోండి. ఎండు లెక్కన చూస్తే దాని బరువులో రెండు శాతం, అంటే రోజుకి 8 కిలోల ఎండుమేత కావాలి. పచ్చిగడ్డిలో ఎక్కువ భాగం నీళ్లే కాబట్టి, అదొక్కటే పెడితే 30 కిలోలు దాటుతుంది. దాంతోపాటు ఓ మాదిరి పని చేసే గుర్రానికి 2 కిలోల దాణా, రెండు పూటలుగా పెట్టాలి. నానబెట్టిన ఉలవలు, ఓట్స్, బార్లీ, తవుడు ఏదైనా సరే, ఒక్క పూటకి కిలో, కిలోన్నర దాటొద్దు. ఏ మేత మార్చినా వారం పది రోజుల్లో మెల్లగా మార్చండి. ఉప్పు రోజుకి రెండు చెంచాలు, నీళ్లు 25 నుంచి 40 లీటర్లు. ఎండాకాలంలో ఇంకా ఎక్కువే పడతాయి.

ఎండుగడ్డి కిలో 15, దాణా కిలో 40 రూపాయలు అనుకుందాం. మీ ఊరి రేటు మీరు వేసుకోండి. 120 ప్లస్ 80, రోజుకి 200. ఏడాదికి 73 వేలు. ఐదేళ్ల గుర్రాన్ని కొంటే ఇంకో ఇరవై ఏళ్లు మేపాలి. తిండికే 14 లక్షల 60 వేలు! కొన్న ధర దీని ముందు ఎంత చెప్పండి?

వరిగడ్డి ఫ్రీగా దొరుకుతుంది కదా అంటారు. కడుపు నిండుతుంది గానీ బలం ఉండదు, దాని మీదే ఉంచితే పేగుల్లో అడ్డుపడే ప్రమాదం కూడా ఉంది. మంచి ఎండుగడ్డి, వేరుశనగ కట్టె, కొంచెం లూసర్న్ కలిపితే మేలు. నేపియర్ ఒక్కటే పెట్టకండి, అందులోని ఆక్సలేట్లు కాల్షియంని ఒంటికి పట్టనివ్వవు. కోళ్ల దాణా మాత్రం దగ్గరికి కూడా రానివ్వొద్దు. అందులో మోనెన్సిన్ అనే మందు కలిసి ఉండొచ్చు. కోళ్లకి ఏమీ కాదు, గుర్రానికి కొంచెం వెళ్లినా గుండె దెబ్బతిని చనిపోవచ్చు.

మేత కాక మిగతా ఖర్చులున్నాయి. ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి గిట్టలు చెక్కించి, అవసరమైతే నాడాలు కొట్టించాలి. ధనుర్వాతం టీకా, నట్టల మందు, ఏడాదికోసారి పళ్లు చూపించడం, చూసుకునే మనిషి జీతం. చాలామందికి ఆ జీతమే మేత కన్నా పెద్ద ఖర్చు.

రేసుల నుంచి రిటైరైన గుర్రం చవగ్గా వస్తుందని ఎవరైనా చెప్తే కాస్త ఆగండి. అది థరోబ్రెడ్. మార్వాడీ, కాఠియావాడీ గుర్రాల్లా మన ఎండకీ మామూలు మేతకీ తట్టుకోదు, ఖర్చు ఇంకా పెరుగుతుంది. ఏ గుర్రం కొన్నా డాక్టర్‌కి చూపించి, గ్లాండర్స్ పరీక్ష చేయించాకే డబ్బులివ్వండి. ఆ జబ్బుకి టీకా లేదు, మనుషులకీ అంటుకుంటుంది.

చివరిగా ఒక్క మాట. కొనే ముందు ఆర్నెల్లపాటు నెలనెలా ఆ మేత డబ్బులు, మనిషి జీతం పక్కన పెట్టి చూడండి. ఇబ్బంది లేకుండా పెట్టగలిగితే కొనండి, మీ చేతిలో ఆ గుర్రం బాగుంటుంది. పెట్టలేకపోతే వారానికో రోజు రైడింగ్ స్కూల్‌కి వెళ్లి ఎక్కండి. అందులో తక్కువతనం ఏమీ లేదు. వచ్చే ఎపిసోడ్‌లో గుర్రపు శాల ఎలా కట్టుకోవాలో మాట్లాడుకుందాం. ఉంటానండి, నమస్కారం.