ఇంకొక్క ఎపిసోడే... అనుకుంటుండగానే తెల్లారింది!

రాత్రి పదిన్నరకు మొదలుపెట్టిన సిరీస్, మూడో ఎపిసోడ్ చివర హీరో కణతకు ఆనించిన తుపాకీ దగ్గర ఆగిందంటే ఇక నిద్ర సంగతి ఎవరికి గుర్తుంటుంది? పంచాయితీ అంతా మర్నాడు. ‘కళ్లు పోతాయిరా’ అని అమ్మ, ‘నైట్‌మోడ్ పెట్టానులేమ్మా’ అని కొడుకు. ఇద్దరి మాటా సరైంది కాదు.

అపోహ: నిద్ర చెడగొట్టేది నీలి కాంతి. నైట్‌మోడ్ పెట్టుకుంటే చాలు.

వాస్తవం: కాంతి పాత్ర ఉంది. నిద్రకు ఒంటిని సిద్ధం చేసే మెలటోనిన్‌ను అది తగ్గిస్తుంది. కానీ ఎంత? అమెరికాలో 2014లో వెలువడిన ఒక ప్రయోగంలో పడుకునే ముందు నాలుగేసి గంటలు ఈ-రీడర్‌లో చదివించారు. కాగితం పుస్తకం చదివిన రాత్రులతో పోలిస్తే నిద్ర పట్టడం సుమారు పది నిమిషాలు ఆలస్యమైంది. నాలుగు గంటల వెలుతురుకు పది నిమిషాలు! మరి తెల్లారేదాకా మేలుకోబెట్టింది ఎవరు? కథే.

బెల్జియంలో 18–25 ఏళ్ల యువత 423 మందిని అడిగి 2017లో ప్రచురించిన అధ్యయనం ఈ ముడి విప్పింది. సిరీస్‌లు ఏకబిగిన చూసేవాళ్లలో నిద్ర నాణ్యత తక్కువ, అలసట, నిద్రలేమి ఎక్కువ. మామూలుగా టీవీ చూడటానికీ నిద్ర చెడటానికీ మాత్రం అలాంటి లంకె కనిపించలేదు. తెర వెలుగు రెండుచోట్లా ఉన్నదే. తేడా ఎక్కడంటే, సిరీస్ ఆపేసినా బుర్ర ఆగదు. ద్రోహి ఎవరు, ఆ ఫోన్ చేసిందెవరు అని పక్క మీద కూడా కథ నడుస్తూనే ఉంటుంది. అడిగి తెలుసుకున్న వివరాలే కాబట్టి ఇదొక్కటే కారణమని ఈ అధ్యయనం తేల్చేయలేదు. కానీ తెరకు పసుపు రంగు పులిమి నిశ్చింతగా ఐదో ఎపిసోడ్‌కు వెళ్లడం మాత్రం ఆత్మవంచనే.

అపోహ: ఆపలేకపోవడం నా బలహీనత. మనోనిబ్బరం ఉంటే ఆపేయొచ్చు.

వాస్తవం: ఈ నింద అంతా మీరే మోయక్కర్లేదు. ఉత్కంఠ దగ్గర తెర దించడం వారపత్రికల సీరియల్ రచయితలకూ తెలిసిన విద్యే. అప్పట్లో మనల్ని కాపాడింది వారం రోజుల ఎడం. నెట్‌ఫ్లిక్స్ ఆ ఎడాన్ని తీసేసింది. 2012లో తర్వాతి ఎపిసోడ్ దానంతటదే మొదలయ్యే ఏర్పాటు తెచ్చింది. 2013 ఫిబ్రవరిలో ‘హౌస్ ఆఫ్ కార్డ్స్’ 13 ఎపిసోడ్లూ ఒకేరోజు పెట్టింది. మా పోటీ నిద్రతోనే అని ఆ సంస్థ అప్పటి అధిపతి రీడ్ హేస్టింగ్స్ 2017లో బాహాటంగానే అన్నారు. ఇక మన రాజ్, డీకేల ‘ద ఫ్యామిలీ మ్యాన్’ చూసినవాళ్లకు ఈ ఉత్కంఠ కొక్కెం ఎలా ఉంటుందో చెప్పాలా? 2019లో మొదటి సీజన్‌ను ఢిల్లీ ఫ్యాక్టరీలో గ్యాస్ లీకయ్యే చోట వదిలేశారు. జవాబు కోసం 2021 జూన్ దాకా ఆగాల్సి వచ్చింది. ఆగాం కదా! పక్కనే తర్వాతి భాగం సిద్ధంగా లేకపోతే ఎవరైనా ఆగుతారు.

అందుకే ఎపిసోడ్ చివర ఆపాలని చూడకండి. అక్కడే కొక్కెం ఉంటుంది. తర్వాతి ఎపిసోడ్‌లో ఓ పదినిమిషాలు చూడండి. తుపాకీ పేలిందో లేదో తేలిపోతుంది, కథ కాస్త నెమ్మదిస్తుంది. ఆపాల్సింది అక్కడ. సెట్టింగ్స్‌లో ఆటోప్లే తీసేయడం మరీ మంచిది.

అపోహ: చీకట్లో చూస్తే కళ్లు పోతాయి.

వాస్తవం: పోవు. రెప్పలు తక్కువగా వేస్తాం కాబట్టి కళ్లు పొడిబారతాయి, మండుతాయి, తల నొస్తుంది. విశ్రాంతి ఇస్తే తగ్గిపోతాయి. అమ్మలు దిగులు పడాల్సింది నిద్ర గురించి.

అపోహ: ఒకేసారి చూస్తేనే మజా, కథ కూడా బాగా గుర్తుంటుంది.

వాస్తవం: మర్నాటికైతే నిజమే. 2017లో మెల్‌బోర్న్ పరిశోధకులు ఆరు ఎపిసోడ్ల బీబీసీ డ్రామాను కొందరికి ఒకే బిగిన, కొందరికి రోజుకొకటి, మరికొందరికి వారానికొకటి చూపించారు. మరుసటి రోజు బాగా గుర్తున్నది ఏకబిగిన చూసినవాళ్లకే. 140 రోజుల తర్వాత ఎక్కువ మరిచిపోయిందీ వాళ్లే. పైగా మిగతా రెండు బృందాలకంటే తక్కువ ఆనందించామన్నారు.

అపోహ: ఆరు గంటల నిద్ర నాకు అలవాటైపోయింది.

వాస్తవం: అలవాటైంది నిద్రలేమి తెలియకపోవడం. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో రెండు వారాలు రోజూ ఆరు గంటలే పడుకోనిచ్చినవాళ్ల చురుకుదనం, రాత్రంతా కంటి మీద కునుకు లేకుండా గడిపినవాళ్ల స్థాయికి పడిపోయింది. తమకు పెద్దగా మత్తుగా లేదనే వాళ్లు చెప్పారు. 2003 నాటి ఈ ఫలితం ఆఫీసుల్లో గోడకు అంటించదగ్గది.

బండి నడిపేవాళ్లు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. పొద్దున ఆరింటికి లేచినవారు రాత్రి పదకొండు దాకా మేలుకుంటే 17 గంటలు. అప్పటికే పనితీరు 100 మిల్లీలీటర్ల రక్తంలో 50 మిల్లీగ్రాముల ఆల్కహాల్ ఉన్నంతగా మందగిస్తుందని 1997లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు చూపారు. మన చట్టం అనుమతించేది 30 మిల్లీగ్రాములే. సీజన్ మొత్తం చూసి తెల్లవార్చారా? ఆ రోజుకు బండి తాళాలు ఇంట్లోనే వదిలి ఆటో ఎక్కండి.