సవర నోటికి లిపి

దక్షిణ కొరియాలో అక్టోబరు 9 అక్షరాల పండగ, ప్రభుత్వ సెలవు. 1991లో ఆ సెలవు తీసేశారు, 2013లో మళ్లీ ఇచ్చారు. మనకు ఆగస్టు 29 తెలుగు భాషా దినోత్సవం. సెలవు లేదు, సభలున్నాయి. అది గిడుగు వెంకట రామమూర్తి పుట్టినరోజు. ఆయన 1863లో పుట్టింది శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో.

సెజోంగ్ రాజు 1446లో ప్రకటించిన కొరియా లిపి హంగుల్‌కు 28 అక్షరాలు, నేడు వాడుకలో 24. 'న' అక్షరం నాలుక కొస పైకి లేచిన ఆకారం, 'మ' నోటి ఆకారం. ఊపిరి గట్టిగా వదిలే ధ్వనికి ఒక గీత అదనం. మన 'ద' కింద ఒత్తు పెడితే 'ధ' అయినట్టే. ఈ పద్ధతిని వివరించిన మూలగ్రంథం 1940లో గానీ బయటపడలేదు. అంతవరకు ఆ ఆకారాల మీద ఎన్ని ఊహలో!

ఇక మన వైపు, ఎచ్చెర్ల నుంచి పాలకొండ, సీతంపేట మీదుగా కొండల్లోకి పోతే సవర గిరిజనుల ఊళ్లు. సవర ముండా కుటుంబపు భాష. వియత్నామీస్‌కు దూరపు చుట్టమే గాని తెలుగుకు కాదు. గొంతు ఠక్కున బిగించి పలికే ధ్వని అందులో ఉంది, మన అక్షరమాలలో దానికి చోటు లేదు. పర్లాకిమిడి బడిలో పనిచేస్తూ సవర నేర్చుకున్న గిడుగు కొత్త లిపి జోలికి పోలేదు, తెలుగు అక్షరాలతోనే సవర వాచకాలు రాశారు. 1931లో ఇంగ్లీషులో వేసిన వ్యాకరణంలో రోమన్ అక్షరాలు వాడారు.

ఐదేళ్లకే, 1936 జూన్ 18న, ఒడిశా వైపు కొండల్లో మంగయి గొమాంగో అదే సవర భాషకు 'సోరంగ్ సొంపెంగ్' అనే లిపిని వెలువరించారు. 24 అక్షరాలు, సొంత అంకెలు. కొరియా అక్షరం నోటిని చూసి పుడితే, ఇక్కడ అక్షరానికో దేవత పేరు ముడిపడింది. అది చదువుకు సాధనమే కాదు, పూజా వస్తువు కూడా. గిడుగుది పని జరిగే దారి, గొమాంగోది తమకంటూ ఒకటి ఉండాలన్న పంతం. నాకు రెండోది తేలిగ్గా కొట్టిపారేయదగ్గదిగా కనిపించదు. హంగుల్‌నూ మొదట్లో పండితులు ఈసడించారు, 1504లో ఒక రాజు నిషేధించాడు కూడా.

సొంపెంగ్ 2012లో యూనికోడ్‌లో చేరింది. కొండకు ఈ వైపు సవర పిల్లల వాచకాలు మాత్రం తెలుగు లిపిలోనే. ఆ వైపు ఒడియా, మిషనరీల రోమన్, సొంపెంగ్ మూడూ ఉన్నాయి. సీతంపేట మనిషి తన మాటను రాసి పంపితే ఒడిశాలోని గుణుపురం చుట్టానికి అది చదవడం రాదు, ఎదురుపడి మాట్లాడితే సరిపోతుంది.