ఉద్యోగము మానకయే ఇంజనీరింగు పైచదువు

ఇంజనీరు పట్టము పుచ్చుకొని ఉద్యోగమున చేరినవాని చదువు అంతటితో ముగియదు. కొత్త యంత్రములు, కొత్త సిద్ధాంతములు వచ్చుచునే యుండును. ఉద్యోగము మానకుండ పైచదువు చదువుట యెట్లు?

అమెరికాలోని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయము 1969లో తన తరగతి పాఠములను టెలివిజను ద్వారా సమీప కర్మాగారములకు ప్రసారము చేయ నారంభించెను. ఇందుకు వాడిన సూక్ష్మతరంగములు తిన్నగా పయనించును. కొండలకు ఆవల, దూరముననున్న ఊళ్లకు అందవు. శాంటా రోజా పట్టణములోని హ్యూలెట్-ప్యాకర్డ్ ఇంజనీర్లకు ఈ చిక్కే వచ్చినది.

అంతట ఆచార్య జేమ్స్ గిబ్బన్సు ఒక ఉపాయము పన్నెను. పాఠములను వీడియో టేపుపై నెక్కించి పంపిరి. ఇంజనీర్లు చిన్న బృందముగా కూర్చుండి చూచెడివారు. సందేహము కలిగినచోట టేపు ఆపి, ఒక సహాయకుని తోడ్పాటుతో చర్చించుకొనెడివారు. 1977లో ప్రకటించిన ఫలితములను బట్టి, వీరికి తరగతిలో కూర్చున్న విద్యార్థులకంటె మంచి శ్రేణులే వచ్చినవి!

కారణమేమి? తరగతిలో ఉపన్యాసము ఆగదు. ఒక మెట్టు తప్పినవానికి తరువాతి మెట్టు అందదు. టేపు ఆగును, సందేహము అక్కడనే తీరును.

మన దేశమున పిలానీలోని బిట్స్ సంస్థ 1979 నుండి ఉద్యోగస్థులకు ఇట్టి విద్య గరపుచున్నది. నేడు టేపులు పోయి ఇంటర్నెట్టు వచ్చినది. సాధనము మారినను సూత్రము మారలేదు: పాఠము దూరమునుండి రావచ్చును, ప్రశ్నకు చోటు మాత్రము దగ్గరనే యుండవలెను.