కాలు మోపవద్దంటే కదపవద్దని కాదు

రెండేళ్ల కిందట వానాకాలంలో మా వారు స్కూటరు మీద నుంచి పడ్డారు. వేగంగా పోతూ కాదు. మలుపులో బురదకు బండి జారితే కుడి కాలు ఆనించి ఆపబోయారు. ఆనించిన కాలే విరిగింది. మోకాలికి కిందనుండే పెద్ద ఎముక, మేము బడిలో అంతర్జంఘిక అని చెప్పే టిబియా, దాని పై తలం పగిలి ఒక పక్క లోపలికి కుంగింది. ఆపరేషన్ చేసి, కుంగిన ముక్కను పైకెత్తి, ప్లేటూ స్క్రూలూ వేశారు. ఇంటికి పంపేటప్పుడు ఇచ్చిన కాగితంలో మందుల కింద మూడు ఇంగ్లీషు అక్షరాలు ఉన్నాయి: ఎన్.డబ్ల్యు.బి., ఆరు వారాలు.

వాటి అర్థం ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. పిల్లలకు రోజూ "తెలియకపోతే అడగండిరా" అని చెప్పే మేమే మొహమాటపడ్డాం. పూర్తి విశ్రాంతి అనుకుని ఆయనను మంచం దిగనివ్వలేదు. మోకాలి కింద మెత్తటి దిండు పెట్టాం. పరామర్శకు వచ్చినవారంతా "కదపకండి భాయ్, కుట్లు తెగుతాయి" అన్నారు. ఆరు వారాల తరువాత ఎక్స్‌రేలో ఎముక బాగానే అతుకుతోంది. కానీ మోకాలు 40 డిగ్రీలకు మించి వంగదు, తిన్నగా చాపితే చాచుకోదు, తొడ చేతిలో పట్టేంత సన్నబడింది. "బరువు వేయవద్దన్నాం గానీ కదపవద్దని ఎవరన్నారు?" అని డాక్టరు గారు అడిగితే మా దగ్గర జవాబు లేదు. ఎన్.డబ్ల్యు.బి. అంటే నాన్ వెయిట్ బేరింగ్, ఆ కాలు మీద బరువు మోపకూడదని. అంతే.

మేము వైద్యులం కాము. ఆ తరువాత ఐదు నెలలు ఫిజియోథెరపీ గదిలో కూర్చుని నేర్చుకున్నది ఈ సంచిక చదివే కుటుంబాలకు పనికొస్తుందని రాస్తున్నాం.

ప్లేటు ఎముకను అతికించదు, అతుక్కునేదాకా పట్టుకుని ఉంటుంది. ఇల్లు కట్టినవారికి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. శ్లాబు వేసిన మర్నాడే దాని మీద గోడ లేపం, సెంట్రింగ్ కర్రలున్నా సరే. పైకెత్తిన ఎముక గట్టిపడక ముందే ఒళ్లంతా దాని మీద వేస్తే మళ్లీ కుంగుతుంది. కీలు తలం ఎగుడుదిగుడై ముందు ముందు అరుగుదల వస్తుంది. అందుకే ఇలాంటి విరుపులో సాధారణంగా 6 నుంచి 12 వారాలు బరువు ఆపుతారు. ఎన్ని వారాలన్నది విరుపును బట్టి, ఎముక గట్టితనాన్ని బట్టి సర్జన్ చెప్పాలి, పక్కింటివారి అనుభవం చెప్పకూడదు.

కదలిక సంగతి దీనికి పూర్తిగా వేరు. కీలు లోపలి మృదులాస్థికి రక్తనాళాలు లేవు. కీలులోని ద్రవం నుంచే దానికి పోషణ, ఆ ద్రవం తిరగాలంటే కీలు కదలాలి. కదలకుంటే లోపల పొరలు అంటుకుపోతాయి. కాబట్టి డాక్టరు వద్దనకపోతే మొదటి రోజుల నుంచే కొన్ని పనులు చేయిస్తారు: పాదాన్ని పైకీ కిందికీ ఆడించడం, మోకాలిని పరుపుకు అదిమి ఐదు లెక్కపెట్టేదాకా తొడ బిగించడం, మడమను పరుపు మీద జరుపుతూ మోకాలు మెల్లగా వంచడం. మేము చేసిన పెద్ద తప్పు దిండు. మోకాలి కింద దిండు హాయిగానే ఉంటుంది, కానీ కాలు వంకరగా బిగుసుకుపోతుంది. చుట్టిన తువ్వాలు మడమ కింద పెట్టాలి, మోకాలి కింద కాదు. నూనె మర్దన, బలవంతంగా వంచడం మాత్రం దగ్గరికి రానీయవద్దు.

మోకాలి చిప్ప విరిగినవారికి లెక్క తిరగబడుతుంది. బ్రేసు వేసి కాలు తిన్నగా ఉంచి నిలబడితే చిప్ప మీద ఒత్తిడి తక్కువ కనుక బరువు తొందరగానే మోపనిస్తారు. వంచితేనే ముక్కలు లాగినట్లవుతాయని వంచడాన్ని కొంతకాలం కట్టడి చేస్తారు. ఒకరి కాగితం చూసి మరొకరు నడవకూడదనేది ఇందుకే.

బరువు మోపమన్నాక కూడా ఒక్కసారిగా కాదు. మొదట పాదం నేలకు తాకించడం వరకే. "మీ పాదం కింద అప్పడం ఉందనుకోండి, అది విరగకూడదు" అని ఫిజియోథెరపీ అమ్మాయి చెప్పేది. తరువాత 20 కిలోలు అంటే ఎంతో తెలియాలి గదా, బరువు చూసే మిషను మీద ఆ కాలు, అంతే ఎత్తు పుస్తకాల దొంతర మీద మంచి కాలు పెట్టి, ముల్లు 20 దగ్గరికి వచ్చేదాకా మోపించేది. నాలుగు రోజుల్లో కాలికే అలవాటైంది. వాకర్ పిడి, చేతులు వేలాడేసినప్పుడు మణికట్టు ఉండే ఎత్తులో ఉండాలి. ముందు వాకర్, తరువాత దెబ్బ కాలు, ఆ తరువాత మంచి కాలు. మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు దెబ్బ కాలు ముందు. చేతికర్ర దశకు వచ్చాక కర్ర మంచి కాలి వైపు చేతిలో ఉండాలి. ఇది చాలామంది తిరగేసి పట్టుకుంటారు. వుజూ చేసే చోటా బాత్‌రూములోనూ నేల తడి లేకుండా చూడాలి, వాకర్ రబ్బరు బుడిపెలు అరిగితే మార్చాలి.

పిక్క వాచి నొప్పి పెడితే, ఊపిరి అందకపోతే, గాయం నుంచి చీము వస్తే, జ్వరం వస్తే తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. బీడీ, సిగరెట్ ఎముక అతకడాన్ని ఆలస్యం చేస్తాయి. షుగరు అదుపులో లేకపోయినా అంతే.

కుర్చీలో కూర్చుని లేవడానికి మోకాలు 90 డిగ్రీలు దాటి వంగితే చాలు. మన ఇళ్లలో నేల మీద కూర్చోవాలి, దస్తర్‌ఖాన్ ముందు, నాటు మరుగుదొడ్డిలో, నమాజులో. వాటికి 120 పైన కావాలి. నిలబడలేనివారు కూర్చుని నమాజు చేసుకునే వెసులుబాటు ధర్మంలోనే ఉంది, అయినా మా వారికి మొదట కుర్చీ అడగడానికి మనసొప్పలేదు.

ఇప్పుడు ఆయన మోకాలు 110 దాకా వంగుతుంది. స్కూటరు నడుపుతున్నారు, మేడ ఎక్కుతున్నారు. మసీదులో మాత్రం చివరి వరుసలో కుర్చీ మీదే. ఆ ఆరు వారాలు మేము కదలనిచ్చి ఉంటే ఇంకొంత వంగేదని డాక్టరు గారు అన్నారు. ఈసారి చెకప్‌కు వెళ్లినప్పుడు కాగితం మీది ప్రతి అక్షరానికీ అర్థం అడిగి, పక్కన తెలుగులో రాసుకున్నాం.